పౌరసత్వము: పొందుట, నిలుపుకొనుట, కోల్పోవుట
(మన సంఘ మాససమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



కొంతకాలముగ నా దుకాణమునకు వచ్చు మనవారిలో చింతపండు ధర అడుగువారికంటె కాగితములు చూపి సందేహము లడుగువారు ఎక్కువైరి. ఒకరి కుమారుడు అమెరికాలో పౌరుడయ్యెను. ఇచ్చటి పాస్‌పోర్టును కూడ ఉంచుకొనవచ్చునా అని వారి ప్రశ్న. ఒకరి మనుమరాలు సింగపూరులో పుట్టినది. ఆ బిడ్డ ఏ దేశపు బిడ్డ అని వారి చింత. మరియొకరికి పాలక్కోడు ప్రక్కన మామిడితోట కలదు. విదేశ పౌరుడైన కొడుకునకు అది దక్కునా అని అడిగిరి. నాల్గవ ప్రశ్న అడిగినవాడు చిన్న బాలుడు. "మీరు ఆంధ్రావారు గదా, మీ రాష్ట్రమునకు పొండి" అని తోటి పిల్లవాడొకడు ఆటలో అన్నాడట. "మనము ఇచ్చటివారము కామా, మామా?" అని ఆ బాలుడు నన్నడిగెను.

ఈ నాలుగు ప్రశ్నలకును మూలమొక్కటే. పౌరసత్వ మనగా నేమి, అది ఎట్లు వచ్చును, ఎట్లు నిలుచును, ఎట్లు పోవును అనునదే ఆ మూలము. నేను మెట్రిక్యులేషను వరకే చదివినవాడను, న్యాయవాదిని కాను. ఐనను చట్టమును ముందుంచుకొని, తెలిసినవారి నడిగి, నాకు బోధపడినంతవరకు మీకు విన్నవించుచున్నాను.

ప్రజలు, పౌరులు

మన పూర్వులు ఈ బారామహలు సీమకు ఎప్పుడు వచ్చిరో ఒక్కొక్క యింట ఒక్కొక్క కథ చెప్పుదురు. వచ్చిన కాలమేదైనను, వచ్చిన పిమ్మట వారు ఇచ్చటనే నిలిచిరి. వారు కదలలేదు గాని, వారిమీది రాజ్యములు కదలినవి. హైదరాలీ, టిప్పుసుల్తానుల కాలమున మైసూరు ప్రజలుగ నుండిరి. 1792వ సంవత్సరమున శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు ఈస్టిండియా కంపెనీ వశమయ్యెను. కెప్టెన్ రీడును, ఆయన సహాయకుడైన తామస్ మన్రోయును వచ్చి పొలములు కొలిపించి శిస్తులు కట్టిరి. 1858లో కంపెనీ ప్రభుత్వము తొలగి రాణీ ప్రభుత్వము రాగా, కంపెనీ ప్రజలు రాణీ ప్రజలైరి. ఒకే గడపలో నుండి మనవారు మూడు ప్రభుత్వములు మారుట చూచిరి. ఏ మార్పునందును "మీకు సమ్మతమా?" అని వారి నడిగినవా రెవ్వరును లేరు. ప్రజ యనగా అట్టిది. భూమితోపాటు చేతులు మారునది.

పౌరుడు అట్లుగాడు. అతనికి దేశముమీద హక్కు కలదు, దేశమునకు అతనిమీద హక్కు కలదు. మన రాజ్యాంగము 1950 జనవరి 26న అమలునకు వచ్చెనని అందరు నెరుగుదురు. పౌరసత్వమునకు సంబంధించిన అయిదవ అధికరణము మొదలైన కొన్ని అధికరణములు మాత్రము అంతకు రెండు నెలలు ముందుగనే, 1949 నవంబరు 26ననే, అమలునకు వచ్చినవి. ఇల్లు కట్టకముందే ఇంటివారెవ్వరో తేల్చుకొన్నట్లు, రాజ్యాంగము పూర్తిగ నిలువకముందే పౌరులెవ్వరో నిర్ణయింపబడెను.

ఆ అయిదవ అధికరణము చెప్పిన దేమి? భారతదేశమున స్థిరనివాసము కలిగి, ఈ దేశమున పుట్టినవాడు గాని, తల్లిదండ్రులలో ఒకరు ఈ దేశమున పుట్టినవాడు గాని, అంతకుముందు అయిదు సంవత్సరములకు తక్కువ గాకుండ ఇచ్చట నివసించినవాడు గాని పౌరుడని చెప్పెను. అందు భాష మాట లేదు, రాష్ట్రము మాట లేదు. "భారతదేశము" అని మాత్రమే కలదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడినవి. మనము సేలము జిల్లాతో మద్రాసు రాష్ట్రమున నిలిచితిమి. 1965 అక్టోబరు 2న ధర్మపురి వేరు జిల్లా ఆయెను. 2004లో కృష్ణగిరి మననుండి వేరుపడెను. ఈ గీతలన్నియు పరిపాలన కొరకు గీచిన గీతలు. వీనిలో ఏదియు మన పౌరసత్వమును తాకలేదు. అమెరికాలో మనుష్యుడు దేశమునకు పౌరుడు, తాను నివసించు రాష్ట్రమునకును పౌరుడు. మన రాజ్యాంగకర్తలు ఆ పద్ధతిని గ్రహింపలేదు. ఇచ్చట ఒకటే పౌరసత్వము. 1984లో ప్రదీప్ జైన్ కేసున సుప్రీంకోర్టు కూడ, భారతదేశమున స్థిరనివాస మొక్కటే, అది భారతదేశపు నివాసమే, రాష్ట్రమున కొక్కటి లేదు అని స్పష్టపరచెను. విద్యాలయములలో కొన్ని స్థానములకు రాష్ట్రము నివాసనియమము పెట్టవచ్చును. అది నివాసమునకు సంబంధించినది గాని మాతృభాషకు సంబంధించినది కాదు.

కనుక ఆ బాలునకు నేను చెప్పిన సమాధానము ఇది: "నాయనా, నీవు ఆంధ్రా పౌరుడవు కావు, తమిళనాటి పౌరుడవు కావు. అట్టి పౌరులెవ్వరును లేరు. నీవును, నిన్నట్లన్న ఆ పిల్లవాడును ఒకే దేశమునకు ఒకే తీరు పౌరులు. పోయి వానితో ఆడుకొనుము."

ఇంకొక విశేషము మన సంఘమువారు తప్పక తెలిసికొనవలసియున్నది. రాజ్యాంగపు 29వ అధికరణము ప్రత్యేక భాషయు, లిపియు, సంస్కృతియు గల "పౌరులలో ఏ వర్గమునకైనను" వానిని కాపాడుకొను హక్కు కలదని చెప్పును. "పౌరులలో" అను మాటను గమనింపుడు. మన పిల్లలకు తెలుగు చెప్పించుడని మనము ప్రభుత్వము నడుగునపుడు అతిథులుగ అడుగుటలేదు, పౌరులుగ అడుగుచున్నాము. పౌరసత్వము గట్టిగ నున్ననే భాషాహక్కు గట్టిగ నుండును.

వేరొక దేశమునుండి వచ్చి మన పౌరసత్వము కోరువారికి చట్టము విధించిన నియమములలో, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునందలి భాషలలో ఒకటి తగినంతగ తెలిసియుండవలెను అనునది యొకటి. ఆ భాషలలో మన తెలుగు కలదు. అనగా ఒక విదేశీయుడు తెలుగు మాత్రమే నేర్చినను భాషానియమము తీరినట్లే. ఈ దేశపు వాకిలి తెరచుటకు చాలిన భాషను మన యిండ్లలో మన పిల్లలే మరచిపోవుట న్యాయమా, ఆలోచింపుడు.

పౌరసత్వము వచ్చు మార్గములు

1955 డిసెంబరు 30న వచ్చిన పౌరసత్వ చట్టము ఐదు మార్గములను చెప్పెను: జన్మము, వంశము, నమోదు, దేశీయీకరణము, భూభాగము చేరుట.

జన్మమునుబట్టి వచ్చు పౌరసత్వమునకు ఇప్పుడు మూడు కాలములు కలవు. 1950 జనవరి 26 మొదలు 1987 జూలై 1కి ముందు ఈ దేశమున పుట్టినవాడు, తల్లిదండ్రులెవ్వరైనను, పౌరుడు. 1987 జూలై 1 మొదలు 2004 డిసెంబరు 3కు ముందు పుట్టినవానికి తల్లిదండ్రులలో ఒకరైనను పౌరులై యుండవలెను. ఆ పిమ్మట పుట్టినవానికి ఇద్దరును పౌరులై యుండవలెను. లేదా ఒకరు పౌరులై, రెండవవారు అక్రమముగ వచ్చినవారు కాకుండవలెను. చూచితిరా, వాకిలి క్రమముగ సన్నగిల్లుచున్నది. తాతకు పుట్టిన ఊరు చాలెను. మనుమనికి తల్లిదండ్రుల కాగితములు కూడ కావలెను.

వంశమునుబట్టి వచ్చునది విదేశములలో పుట్టిన మన బిడ్డలది. 1992 డిసెంబరు 10కి ముందు తండ్రి పౌరుడైననే బిడ్డకు వచ్చెడిది. ఆ దినమునుండి తల్లి పౌరురాలైనను చాలును. మన ఆడబిడ్డలకు జరిగిన న్యాయమిది. కాని 2004 డిసెంబరు 3 మొదలు ఒక నిబంధన కలదు. బిడ్డ పుట్టిన సంవత్సరములోపల ఆ దేశమందలి భారత దౌత్య కార్యాలయమున నమోదు చేయింపవలెను. బిడ్డకు వేరు దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు వ్రాసి యియ్యవలెను. గడువు దాటినచో కేంద్రప్రభుత్వపు అనుమతి కావలెను. సింగపూరులో పుట్టినంతమాత్రమున ఆ దేశపు పౌరసత్వము రాదు. అమెరికాలో పుట్టిన వచ్చును. కనుక సింగపూరులో పుట్టిన బిడ్డను మనవారు నమోదు చేయింపక ఊరకున్నచో ఆ బిడ్డ ఏ దేశమునకును చెందనిదై పోవచ్చును. బారసాలకు ముహూర్తము వెదకువారు ఈ గడువును కూడ క్యాలెండరులో గుర్తుపెట్టుకొనవలెను.

భూభాగము చేరుట వలన వచ్చు పౌరసత్వమునకు మన తెలుగువారి ఉదాహరణమే కలదు. గోదావరి తీరమున నున్న యానాము ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1954లో దడాల రఫేల్ రమణయ్యగారు మొదలైనవారి నాయకత్వమున అది విముక్తి పొందెను. ఫ్రాన్సుతో విలీనపు ఒడంబడిక 1956 మే 28న జరిగినను, అది న్యాయతః అమలునకు వచ్చినది 1962 ఆగస్టు 16న. అచ్చట నివసించు జనులు ఆ దినమున భారత పౌరులైరి. ఐతే ఫ్రెంచి పౌరసత్వమునే ఉంచుకొనదలచినవారు ఆరు నెలలలోపల వ్రాతమూలముగ తెలుపవచ్చునని ఒడంబడికలో నుండెను. పుదుచ్చేరిలో నేటికిని ఫ్రెంచి పౌరులైన కుటుంబములు కలవు. వారు ఫ్రాన్సు ఎన్నికలలో ఓటు వేయుదురు. 1792లో మన తాతలను అడుగనివారు, 1962లో యానాము మనుష్యుని "నీకేది కావలెను?" అని అడిగిరి. నూట డెబ్బది యేండ్లలో మనుష్యుడు ప్రజనుండి పౌరుడైన తీరు ఇదియే. కాని ఆ ఒడంబడిక కూడ "ఏదైన ఒక్కటి" అనెను గాని "రెండును" అనలేదు.

కాగితము లేక చెడినవారు

పౌరసత్వమును నిలుపుకొనుట పొందుటకంటె కష్టము. దీనికి సముద్రము దాటిన మన తెలుగువారి కథలే సాక్ష్యము.

కాకినాడ ప్రక్కన కోరంగి రేవునుండి ఓడలెక్కి రంగూను చేరిన తెలుగు కూలీలను బర్మాలో కోరంగీలని పిలిచెడివారు. రంగూను రేవున బరువు మోసినవారు వారే. బర్మా ఆనాడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రము. మన రాష్ట్రమునుండి మన రాష్ట్రమునకు పోయితిమని వారు తలచిరి. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియానుండి విడదీసిరి. ఒక్క రాత్రిలో వారు పరదేశమున నున్నవారైరి. 1942లో జపాను సైన్యములు రాగా లక్షలమంది అడవులు దాటి కాలినడకన వచ్చిరి. త్రోవలో వేలకొలది మరణించిరి. 1948లో బర్మా స్వతంత్రమై పౌరసత్వ చట్టము చేసి, దీర్ఘకాలము నివసించినవారు అర్జీ పెట్టుకొనవచ్చునని చెప్పెను. అనేకులు పెట్టుకొనలేదు. "ఎప్పటికైనను ఊరికి పోవుదుము గదా" అని కొందరు, "ఇన్నేండ్లు ఎవరడిగిరి?" అని కొందరు. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చెను. తరువాత దుకాణములు జాతీయము చేయబడినవి. పెద్ద నోట్లు 1964లో రద్దు చేయబడినవి. అప్పుడు కాగితము లేనివారు మూటాముల్లె కూడ లేక ఓడలెక్కిరి. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ పేరుతోనే కలదు.

వ్యాపారిగ నేను ఈ కథను చదివినపుడెల్ల గుండె ఝల్లుమనును. రెండు తరములు కష్టించి పెట్టిన దుకాణము ఒక కాగితము లేనందున పోవుట మాటలు కాదు.

మలయాలో 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యము వచ్చెను. మన తెలుగువారు అచ్చట రబ్బరు, కొబ్బరి తోటలలో తరములుగ నుండిరి. 1955లోనే తమ తెలుగు సంఘమును స్థాపించుకొనిరి. నివాసమును, కొంత మలయు భాషాజ్ఞానమును గలవారు నమోదు చేయించుకొని పౌరులు కావచ్చునని ఆ దేశపు రాజ్యాంగము చెప్పెను. చేయించుకొనినవారు నిలిచిరి, వారి బిడ్డలు నిలిచిరి. చేయించుకొననివారి చేతిలో ఎఱ్ఱ గుర్తింపుకార్డు మిగిలెను. 1968లో పౌరులుకానివారికి పనిచేయుటకు అనుమతిపత్రము కావలెనని చట్టము వచ్చి, 1969 పిమ్మట గట్టిగ అమలు కాగా, తోటలో పుట్టి తోటలో పెరిగినవారు ఎన్నడును చూడని "స్వదేశమునకు" మరలవలసివచ్చెను.

సింహళపు తేయాకు తోటలలోని తమిళ సోదరుల కథ మన జిల్లావారికి తెలియనిది కాదు. 1948లో సింహళము చేసిన పౌరసత్వ చట్టమువలన లక్షలమంది ఏ దేశమునకును చెందనివారైరి. 1964 అక్టోబరు 30న శాస్త్రిగారును, సిరిమావో బండారనాయకగారును ఒడంబడిక చేసికొని 5,25,000 మందిని ఇండియాకును, 3,00,000 మందిని సింహళమునకును పంచిరి. మిగిలిన 1,50,000 మందిని 1974లో చెరిసగము చేసికొనిరి. ధాన్యపు బస్తాలను పంచినట్లు మనుష్యులను పంచిరి. మిగిలిపోయినవారికి పౌరసత్వ మిచ్చు చట్టము శ్రీలంకలో వచ్చుటకు 2003వ సంవత్సరము వరకు పట్టెను. వారు తమిళులు, మనము తెలుగువారము అని వేరు చూడవలదు. పరాయిభాషవారి నడుమ కాగితము లేకుండుట యెట్టిదో ఇరువురకును ఒకటే పాఠము.

పౌరసత్వము పోవు తీరు

ఇక కోల్పోవుట. చట్టము మూడు తీరులు చెప్పును. తానే వ్రాసియిచ్చి విడుచుట యొకటి. విదేశ పౌరసత్వమును తన యిష్టమున స్వీకరించినందువలన తనంతట పోవుట రెండవది. మోసముచే పొందినందుకును, మరికొన్ని కారణములకును ప్రభుత్వము తీసివేయుట మూడవది.

రెండవదానిని మనవారు సరిగ గ్రహించుట లేదు. తొమ్మిదవ సెక్షను చెప్పున దిది: భారత పౌరుడు వేరు దేశపు పౌరసత్వమును స్వచ్ఛందముగ పొందిన క్షణముననే భారత పౌరుడు కాకపోవును. ఎవ్వరును వచ్చి తీసివేయనక్కరలేదు, నోటీసు రానక్కరలేదు. "పాస్‌పోర్టు ఇంకను నా పెట్టెలో నున్నది, పదేండ్ల గడువు కూడ ఉన్నది" అందురు. ఆ పాస్‌పోర్టు అప్పటికే చెల్లనినోటు. దానిని దౌత్య కార్యాలయమున అప్పగించి పత్రము పుచ్చుకొనవలెను. దాచుకొని దానితో ప్రయాణము చేయుట నేరము. అట్లే ఓటర్ల జాబితాలో పేరుంచుకొనుట, వచ్చినపుడు ఓటువేయుట కూడ తప్పు. ఉద్యోగము కొరకు విదేశమున నుండి భారత పాస్‌పోర్టే కలవారు మాత్రము 2010లో వచ్చిన సవరణ ప్రకారము ఇచ్చటి జాబితాలో పేరు నమోదు చేయించుకొనవచ్చును. ఈ రెండు తెగలను కలగాపులగము చేయరాదు.

దీనికి తెలుగుదేశమున ప్రసిద్ధమైన కేసు వేములవాడది. చెన్నమనేని రమేష్‌గారు జర్మనీలో స్థిరపడి 1993లో ఆ దేశపు పౌరులైరి. పిమ్మట తిరిగివచ్చి 2008లో భారత పౌరసత్వమునకు అర్జీ పెట్టి 2009 ఫిబ్రవరిలో పొందిరి. అదే సంవత్సరము వేములవాడనుండి శాసనసభకు ఎన్నికైరి. ప్రత్యర్థియైన ఆది శ్రీనివాస్‌గారు అభ్యంతరము చెప్పిరి. ఒకప్పటి పౌరుడు తిరిగి నమోదు కావలెనన్న అర్జీకి ముందు పండ్రెండు నెలలు ఈ దేశమున నివసించియుండవలెనని చట్టము. ఆ నెలలలో వీరు జర్మనీ పోయివచ్చిన సంగతి దాచిరని ఆరోపణ. కేంద్ర హోంశాఖ 2017లో పౌరసత్వమును రద్దుచేసెను. కోర్టు పునర్విచారణకు పంపగా 2019లో మరల రద్దుచేసెను. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మను పౌరుడేయని తీర్పు చెప్పి, ముప్పది లక్షల రూపాయలు ఖర్చుల క్రింద చెల్లింపుమని ఆజ్ఞాపించెను.

ఆయన నాలుగుమారులు శాసనసభకు ఎన్నికైనవారు. ఊరివారి అభిమానమునకు లోటులేదు. ఐనను అభిమానము వేరు, పౌరసత్వము వేరు. వేలకొలది ఓట్లు వచ్చినను పండ్రెండు నెలల లెక్క తప్పిన చెల్లదని ఆ కేసు చెప్పినది. మన వ్యాపారములో ఎంత నమ్మకస్తుడైనను చిట్టాలో తేదీ తప్పినచో వ్యాజ్యమున నిలువదు గదా! ఇదియు నట్టిదే.

రెండు పడవలు

ఇన్ని చిక్కులేల, రెండు దేశముల పౌరసత్వమును ఇచ్చిన నేమి అని యువకులు అడుగుచున్నారు. అనేక దేశములు ఇచ్చుచున్నవి. మన దేశము ఇచ్చుటలేదు. దానికి కారణము కేవలము పట్టుదల కాదు. దేశవిభజన దినములలో వ్రాసిన తొమ్మిదవ అధికరణమే, విదేశ పౌరసత్వమును స్వచ్ఛందముగ పొందినవాడు ఇచ్చటి పౌరుడు కాడని చెప్పెను. నెహ్రూగారు కూడ విదేశములలో స్థిరపడిన భారతీయులను, ఆ దేశములకే విధేయులై యుండుడని కోరుచుండెడివారు. రెండు పడవలలో కాళ్లు పెట్టినవానిని ఏ పడవవాడును నమ్మడు అనుటకు బర్మా, సింహళముల అనుభవము వారి కండ్లయెదుట నుండెను.

కాలము మారెను. ప్రవాసులను గూర్చి సింఘ్వీ సంఘము 2002లో ఇచ్చిన నివేదికలో ద్వంద్వ పౌరసత్వమును గూర్చి అనుకూలముగ చెప్పెను. ఆపై చట్టము మారి ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా అను ఏర్పాటు 2005లో ప్రారంభమయ్యెను. ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారు 2006 జనవరిలో మన హైదరాబాదులోనే, ప్రవాసి భారతీయ దివస్ సభలో, మొదటి కార్డులను అందజేసిరి. పేరులో "సిటిజన్" అని యుండుటచే అది ద్వంద్వ పౌరసత్వమని అనేకులు భ్రమపడిరి. అది పౌరసత్వము కాదు. జీవితకాలము వీసా లేక రాకపోకలు చేయవచ్చును; పోలీసు నమోదు అక్కరలేదు; వ్యాపార, ఆర్థిక విషయములలో అనేక సౌకర్యములు కలవు. కాని ఓటు లేదు, శాసనసభ లేదు, సాధారణముగ ప్రభుత్వోద్యోగము లేదు. కొన్ని కారణములచే ప్రభుత్వము కార్డును రద్దుచేయనువచ్చును. ఒకనాటి భారత పౌరుని కొడుకునకు, మనుమనికి, మునిమనుమనికి ఇది దొరకును.

మామిడితోట ప్రశ్నకు వచ్చెదను. విదేశమున స్థిరపడినవారు, భారత పౌరులైనను, ఓ.సి.ఐ. కార్డు గలవారైనను, వ్యవసాయభూమిని, తోటను, ఫారమ్‌హౌసును కొనరాదు. దానముగ కూడ పుచ్చుకొనరాదు. తండ్రి తదనంతరము వారసత్వముగ మాత్రము పొందవచ్చును. అమ్మదలచినచో ఈ దేశమున నివసించు భారత పౌరునకే అమ్మవలెను. "నేనుండగనే కొడుకు పేర వ్రాసిపెట్టుదును" అని దానపత్రము సిద్ధముచేయు పెద్దలు ఈ భేదమును ముందుగ న్యాయవాదిని అడిగి తెలిసికొనుడు. ప్రేమతో వ్రాసిన పత్రమే వ్యాజ్యమునకు విత్తనము కారాదు.

విదేశ పౌరసత్వము తీసికొనినవారిని నేను నిందించుటలేదు. బిడ్డల చదువు, ఉద్యోగభద్రత, అచ్చటి ఓటు వారికి అవసరములు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికా పోయి, లోకమునకు గొప్ప ఔషధములు ఇచ్చిరి. 1946లో అచ్చటి చట్టము మారి భారతీయులకు పౌరసత్వపు త్రోవ తెరువబడినను, దానిని పొందకయే 1948లో కన్నుమూసిరి. అది వారి త్రోవ. వేరొకరికి వేరు త్రోవ. ఏ త్రోవ పట్టినను తెలిసి పట్టవలెను, దాపరికము లేక పట్టవలెను అనునదే నా మనవి.

మనము చేయవలసినది

ఇక మన ఊరిలో, మన యిండ్లలో చేయవలసిన పనులను చెప్పి ముగించెదను.

మొదటిది, జననపత్రము. 2023 అక్టోబరు 1 మొదలు పుట్టిన బిడ్డకు జన్మదినమునకును, జన్మస్థలమునకును ఆ పత్రమే ప్రమాణమని చట్టము వచ్చినది. పెద్దలకును అది లేనిచో ఇప్పుడైనను ఆలస్యపు నమోదునకు యత్నింపవలెను. ఆధారు కార్డు కలదు గదా అని ఊరకుండవలదు. అది పౌరసత్వమునకు నిదర్శనము కాదని ఆ చట్టమే చెప్పుచున్నది.

రెండవది, పేరు. ఇది మనకు ప్రత్యేకమైన చిక్కు. మన యింటిపేరును ఇచ్చట ఎవ్వరును వ్రాయరు, తండ్రిపేరు మొదటి అక్షరమే వ్రాయుదురు. తమిళ లిపిలో కకార గకారములకు ఒకటే అక్షరము గనుక గోవిందయ్య ఒక కాగితమున ఒక తీరున, వేరొక కాగితమున వేరొక తీరున ఇంగ్లీషులోనికి ఎక్కును. 2025 చివర మన రాష్ట్రమున ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినపుడు ఇరువది యేండ్లనాటి జాబితాలో తమ పేరో, తల్లిదండ్రుల పేరో వెదకవలసివచ్చెను. మనవారిలో పలువురు అక్షరభేదమువలన పడిన తిప్పలు మీరెరుగుదురు. కనుక బడిపత్రము, జననపత్రము, పాస్‌పోర్టు, ఓటరుకార్డు, ఆస్తిపత్రము అన్నిటను ఒకే తీరున పేరుండునట్లు సరిచేయించుకొనుడు.

మూడవది, విదేశములలోని బిడ్డలకు ఒక ఉత్తరము వ్రాయుడు. బిడ్డ పుట్టిన సంవత్సరములోపల నమోదు చేయించితివా? అచ్చటి పౌరసత్వము తీసికొంటివా, తీసికొనినచో ఇచ్చటి పాస్‌పోర్టు అప్పగించితివా? ఓటర్ల జాబితానుండి పేరు తొలగించితివా? మైనరు బిడ్డకు రెండు దేశముల పౌరసత్వము కలిగియున్నచో పదునెనిమిదేండ్లు నిండిన ఆరు నెలలలో రెండవదానిని విడువనిచో భారత పౌరసత్వము పోవునని తెలియునా? తండ్రి తల్లి తమ పౌరసత్వమును వ్రాసియిచ్చి విడిచినచో మైనరు బిడ్డకును పోవును; ఆ బిడ్డ పెద్దవాడైన సంవత్సరములోపల తిరిగి కోరుకొనవచ్చును. ఈ గడువు లన్నియు ఒక కాగితమున వ్రాసి పంపుడు. పచ్చళ్లతోపాటు ఇదియు పంపదగినదే.

నాల్గవది, మన సంఘపు పని. ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమున ఇద్దరు చదువుకొన్న యువకులు కూర్చుండి ముసలివారికి, విధవరాండ్రకు అర్జీలు వ్రాసిపెట్టవలెనని నేను ప్రతిపాదించుచున్నాను. కాగితములకు, తపాలాకు అగు ఖర్చు నేను భరించెదను. యువకుల పేర్లు మాత్రము మీరు ఇయ్యవలెను.

జనాభా లెక్కలవారు వచ్చి మాతృభాష అడిగినపుడు "తెలుగు" అని జంకక చెప్పుడు. మన పిల్లలకు తెలుగు పంతులను ఇయ్యవలెనన్నచో ఆ లెక్కయే ఆధారము. తమిళము మన ఊరి భాష, మన అంగడి భాష. దానిని చక్కగ నేర్వవలెను, గౌరవింపవలెను. తెలుగు మన యింటి భాష, దానిని విడువరాదు. పౌరసత్వము రెండుండుటకు చట్టము ఒప్పదు గాని, భాషలు రెండుండుటకు ఏ చట్టమును అడ్డు రాదు.

మన తాతలను అడుగకయే రాజ్యములు మారినవి. మన చేతిలో నేడు ఓటు కలదు, హక్కు కలదు, కాగితము కలదు. దానిని జాగ్రత్తగ నిలుపుకొని బిడ్డల కప్పగించుట మన విధి.